చుక్క కారని బోటు

గోదావరి పాయ ఒడ్డున ఉన్న రేవు కార్యాలయానికి ప్రత్యేకాధికారిగా వచ్చిన చక్రధరరావు గారు మొదటిరోజున టీ తాగలేదు. ఆయన కోసం తెప్పించిన ఫ్లాస్కు మూతి నుంచి ఒక చుక్క జారి టేబులు మీద పడింది. ఆయన ఆ చుక్క వంక, శవపంచనామాకి వచ్చినవాడిలా, చాలాసేపు చూశారు.

"ఇది ఎంతకాలంగా జరుగుతోంది?" అని అడిగారు.

ఉప తహసీల్దారు హైమావతి ఫ్లాస్కు వంక చూసింది. ఆ ఫ్లాస్కు కొన్ననాటి నుంచీ కారుతూనే ఉంది. కొన్నది ఆమే.

"ఈమధ్యనే సర్," అంది.

"ఈమధ్యనే అంటూనే మొదలవుతుందమ్మా. చివరికి రాష్ట్రమంతా కారిపోతుంది."

అప్పట్లో పైనుంచి కిందిదాకా 'లీకేజీ రహిత పాలన' అనే ఉత్సాహం ఒకటి ప్రబలి ఉంది. మిగతా అధికారులు దానికి ఒక బ్యానరు కట్టించి, ఒక ఫోటో దిగి ఊరుకున్నారు. చక్రధరరావు గారు మాత్రం నమ్మారు. ప్రపంచంలో ఉన్నది ఒక్కటే సమస్య అనీ, ఉండవలసినది ఉండవలసిన చోట ఉండకుండా కారిపోవడమే ఆ సమస్య అనీ ఆయన సిద్ధాంతం. ఆ సాయంత్రానికల్లా ఫ్లాస్కు మూతికి ప్లాస్టరు పడింది. ఆ తరవాత అందులోంచి చుక్క కారలేదు. టీ కూడా రాలేదనుకోండి, కానీ అది వేరే విషయం. వానకి కారుతున్న రికార్డు గదికి తాళం వేయించారు. గది తెరవకపోతే కారడం కనపడదు, కనపడని లీకేజీ లెక్కలోకి రాదు. సమాచారం లీకవుతోందన్న అనుమానంతో అటెండరు సుబ్బలక్ష్మిని మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడవద్దన్నారు. ఆవిడ సైగలతో మాట్లాడటం మొదలుపెట్టింది. పాతరోజుల కంటే ఎక్కువ కబుర్లు బయటికి పోయాయి.

ఇంతవరకూ హైమావతికి పెద్ద ఇబ్బంది లేకపోయింది. నవ్వు వస్తే పమిట చెంగు అడ్డం పెట్టుకునేది. ఆయన దృష్టి బోటు మీద పడ్డాకే ఆమె నిద్ర పాడైంది.

పాయ మధ్యలో తుమ్మదిబ్బలంక ఉంది. వంకాయలు, దొండపాదులు, గేదెలు, మనుషులు, అన్నీ కలిపి వరదకి ఒకేసారి మునిగే లంక. వరదరోజుల్లో జనాన్ని ఒడ్డుకి చేర్చే బాధ్యత హైమావతిది. అందుకోసం ఆమె కాళ్లూ చేతులూ పట్టుకుని సాధించిన బోటు అది. దాని వెనకాల తగిలించిన మోటారుకి పెట్రోలు ఒక్కటే చాలదు, దాంతోబాటు ఆయిలు కూడా తాగాలి. పాత మోటార్లకి బోటు నడిపే సరంగులే రెండూ కలిపి పోసేవారు. ఈ కొత్తదానికి ఆయిలు కోసం వేరే ప్లాస్టిక్ డబ్బా, అందులోంచి సన్నటి గొట్టం, గొట్టం చివర చిన్న పంపు ఉన్నాయి. ఎంత కావాలో అంత అదే లాక్కుంటుంది. ఆయిలు అందకపోతే కీచుమని కూతపెట్టి, నడక తగ్గించుకుంటుంది. ఆ కూత వినిపించుకోకుండా ఇంకా తిప్పితే లోపల పిస్టన్ పట్టేసి, మోటారు మరి లేవదు.

చక్రధరరావు గారు బోటెక్కి ఆయిలు డబ్బాని పరీక్షించారు. మూత మధ్యలో సూదిమొన పట్టేంత బెజ్జం ఒకటి ఆయన కంటబడింది.

"ఈ రంధ్రం దేనికి?"

సరంగు పెమ్మాడి కాశులు బుర్ర గోక్కున్నాడు. పాతికేళ్లుగా గోదావరి మీద బతుకుతున్నవాడు కనక తెలియదు అనే అలవాటు అతనికి లేదు. "అది అందానికెట్టారండీ, ఆయ్," అన్నాడు.

"ప్రయోజనం తెలియని రంధ్రమే అత్యంత ప్రమాదకరమైన రంధ్రం. సదరు రంధ్రం ద్వారా ప్రభుత్వ ఆయిలు ఆవిరి రూపంలో అన్యాక్రాంతమయ్యే అవకాశం ఉంది. తక్షణం సీలు వేయించండి."

హైమావతే వేసింది. లక్క కరిగించి, మూతంతా కప్పేలా ధారగా పోసి, పైన తన ఇత్తడి ముద్ర గట్టిగా నొక్కింది. ముద్ర చక్కగా పడినందుకు ఆమెకి కాస్త ముచ్చట కూడా వేసింది. సీలు తెరవాలంటే త్రిసభ్య కమిటీ సమక్షంలోనే తెరవాలని ఉత్తర్వు వచ్చింది.

మర్నాడు కూరగాయల బుట్టలతో లంక నుంచి వస్తుండగా, పాయ మధ్యలో మోటారు కీచుమంది. నడక సగానికి పడిపోయింది. కాశులు మోటారు ఆపేసి, తెడ్డు వేసుకుంటూ బోటుని ఒడ్డుకి లాక్కొచ్చాడు.

"ఆయిలు అందట్లేదండమ్మా," అన్నాడు చెమట తుడుచుకుంటూ. "నా లెక్క ప్రకారం పెట్రోలు మంచిది కాదు. లేదంటే దిష్టి."

హైమావతి పరుగున వెళ్లి చక్రధరరావు గారికి చెప్పింది. "సర్, డబ్బాలోంచి ఆయిలు కదలటం లేదు."

ఆయన కుర్చీలోంచి లేచారు. మొహంలో వెలుగొచ్చింది. "ఏమిటీ? అస్సలు కదలటం లేదా?"

"అస్సలు, సర్."

"చుక్క కూడా?"

"చుక్క కూడా."

"అభినందనలమ్మా!" అన్నారు. "ఇన్నేళ్లలో ఒక ప్రభుత్వ వాహనం ఆయిలు వినియోగం సున్నాకి దిగడం ఇదే మొదలు."

ఆమె టేబులు దగ్గరికి జరిగింది. ఆయిలు మోటారులోకే పోవడం లేదని, పోకపోతే మోటారు చచ్చిపోతుందని, నచ్చచెప్పబోయింది. ఆయన చేయెత్తి ఆపారు. "ఇంతకాలం మోటారు తాగుతోందనే పేరుతో ఎంత ఆయిలు పోయిందో ఎవరికి తెలుసు? మోటారు తాగిందని మోటారు వచ్చి చెప్పిందా? ఇప్పుడు డబ్బా నిండుగా ఉంది. కళ్లెదుట ఉంది. దీన్నే పారదర్శకత అంటారు."

అయినా ఆమె పట్టు విడవలేదు. సీలు ముట్టకుండా మరమ్మతు చేయించవచ్చునని అనుమతి సంపాదించి, కాకినాడ నుంచి జిలాని అనే మెకానిక్కుని పిలిపించింది. జిలాని మంచి పనివాడే. కానీ మూత ముట్టుకోకూడదు.

"మూత తీయకుండా ఆయిలు జబ్బు చూడమంటే, నోరు తెరవకుండా పన్ను పీకమన్నట్టుంది మేడం," అన్నాడు.

"ఇక్కడ నోళ్లు తెరిస్తే ఏమవుతుందో మీకు తెలీదు బాబూ. మిగతాదంతా చూడండి," అంది హైమావతి.

అతను గొట్టం విప్పి ఊది చూసి మళ్లీ బిగించాడు. బోటు హాయిగా సగం పాయ దాటి, కీచుమంది. ఫిల్టరు మార్చాడు. మళ్లీ సగం పాయ. ఏకంగా పంపే కొత్తది వేశాడు. ఈసారి ఇంకాస్త దూరం పోయి, కీచుమంది. ఏది విప్పి బిగించినా మోటారు కాసేపు బాగుండటం, ఆపైన అలగటం! కొత్తల్లుడు కూడా ఇలా వేధించడు. "దీని ఒంట్లో రోగం లేదు మేడం, మనసులో ఉంది," అని చెప్పి జిలాని బస్సెక్కాడు.

ఈలోగా 'సున్నా ఆయిలు బోటు' వార్త పైదాకా పోయింది. రాష్ట్రస్థాయి పురస్కారానికి పరిశీలించేందుకు రాజధాని నుంచి సంయుక్త కార్యదర్శి మార్కండేయులు గారు వస్తున్నారని కబురొచ్చింది. చక్రధరరావు గారు బోటుని మరోసారి తనిఖీ చేశారు. అప్పుడే మోటారు కీచుమంది.

"ఈ శబ్దం ఎక్కడినుంచి వస్తోంది?"

"మోటారు ఏడుస్తోందండి," అన్నాడు కాశులు.

"ఇది ధ్వని లీకేజీ," అన్నారాయన. "లోపలి విషయం లోపల ఉండక బయటికి వినపడుతోంది. దీన్ని కట్టడి చేయండి."

"సర్, అది హెచ్చరిక..." అని హైమావతి అందుకుంది.

"హెచ్చరికలు కింది నుంచి పైకి రాకూడదమ్మా. పైనుంచి కిందికి వెళ్లాలి. అది పరిపాలనా సూత్రం."

కూత వచ్చే చోట దూది కుక్కి ప్లాస్టరు వేశారు. ఆ తరవాత మోటారు ఎంత ఏడ్చినా, దోమ పాడినట్టు మాత్రమే వినపడేది.

మార్కండేయులు గారు వచ్చిన రోజుకి ఎగువన వానలు దంచికొట్టి, పాయలోకి ఎర్రనీరు దిగింది. పొద్దున్నే తుమ్మదిబ్బలంక నుంచి పాల సూరీడమ్మ ఫోను చేసింది. ఆ లంకలో ఎవరికి ఏం కావాలన్నా హైమావతికి ఫోను చేసేది ఆవిడే.

"అమ్మా, గేదెల చావిట్లోకి నీళ్లొచ్చేసినియ్యండి. పిల్లల్ని మంచాలెక్కించాం. బోటెప్పుడంపుతారండీ?"

"ఇదిగో పిన్నీ, బయల్దేరుతోంది," అంది హైమావతి. ఆ మాట అంటుంటే ఆమె గొంతు ఆమెకే అబద్ధంలా వినిపించింది. ఒడ్డున ఉన్న నాటు పడవలని ఆ ప్రవాహంలోకి దింపే ధైర్యం ఎవరూ చేయటం లేదు. ఉన్నది ఈ బోటు ఒక్కటే.

"సర్, ముందు లంకవాళ్లని తెద్దాం, పరిశీలన తరవాత పెట్టుకోవచ్చు," అని బతిమాలింది.

"పరిశీలిస్తూనే తెద్దాం," అన్నారు చక్రధరరావు గారు. "సున్నా ఆయిలుతో సహాయక చర్య! కార్యదర్శి గారి కళ్లెదుట! ఇంతకంటే శుభముహూర్తం దొరుకుతుందా?"

బోటు బయల్దేరింది. ముందు చక్రధరరావు గారు, ఆయన పక్కన గొడుగు ఒళ్లో పెట్టుకుని మార్కండేయులు గారు, వెనక మోటారు దగ్గర కాశులు, మధ్యలో ఆయిలు డబ్బా పక్కన హైమావతి. మార్కండేయులు గారు సన్నగా, మెతకగా ఉండే మనిషి. రాజధానిలో నీళ్లంటే సీసాలోనివే చూసి ఉంటారు. గోదావరిని చూసి నమస్కారం పెట్టారు.

పాయ నడిమికి రాగానే దోమ పాట మొదలైంది. బోటు నడక మందగించింది. కాశులు మోటారు ఆపేశాడు.

"ఎందుకాపావు?" అన్నారు చక్రధరరావు గారు.

"తిప్పితే పిస్టన్ పట్టేస్తదండి. ఇక తాతలు దిగొచ్చినా లేవదు."

"ఆపమని నీకెవరు ఉత్తర్వు ఇచ్చారు?"

"గోదారి ఇచ్చిందండి," అన్నాడు కాశులు, తెడ్డు అందుకుంటూ.

తెడ్డు ఆ ప్రవాహానికి చెంచాలా అయిపోయింది. బోటు అడ్డం తిరిగి, దిగువకి కొట్టుకుపోసాగింది. దిగువన కట్టడం ఆపేసిన వంతెన తాలూకు స్తంభాలు నీళ్లలో నిలబడి ఉన్నాయి. వాటికి తగిలి వరద సుడులు తిరుగుతోంది. ఆ హోరు ఇక్కడికే వినపడుతోంది.

"లైఫ్ జాకెట్లు ఉన్నాయా?" అని మెల్లిగా అడిగారు మార్కండేయులు గారు.

"ఉన్నాయి సర్, ఆ సంచిలో," అన్నారు చక్రధరరావు గారు గర్వంగా. "సీలు వేసి భద్రపరిచాం."

హైమావతికి ఏడుపు రావలసిన సమయం. సూరీడమ్మ మంచం మీద పిల్లలు కళ్లముందు మెదిలారు. చూపు నిలపడానికి ఎక్కడో ఒకచోటు కావాలి కనక ఆయిలు డబ్బా వంక చూసింది. చూస్తూ అలాగే ఉండిపోయింది. డబ్బా రెండు పక్కలూ లోపలికి పీక్కుపోయి ఉన్నాయి. ఆమె చిన్నకూతురు మామిడిరసం పొట్లం స్ట్రాతో ఆఖరుదాకా పీల్చేశాక ఆ పొట్లం ఎలా ఉంటుందో, అచ్చం అలాగే. కాకపోతే ఇందులో రసం నిండుగానే ఉంది.

వేలితో నొక్కి చూసింది. డబ్బా బిగుసుకుని ఉంది. పంపు లాగుతోంది, పాపం, ప్రాణం పెట్టి లాగుతోంది. లోపలికి గాలి పోయే దారి లేకపోతే ఆయిలు ఎలా బయటికి వస్తుంది? జిలాని గొట్టం విప్పినప్పుడల్లా కాస్త గాలి దూరింది, ఆ కాస్తతోనే మోటారు సగం పాయ దాకా నడిచింది. ఇంట్లో నూనె డబ్బాకి ఒక బెజ్జం పొడిస్తే ధార కట్టదని, రెండోది కూడా పొడవాలని, ఆమెకి ఊహ తెలిసినప్పటినుంచీ తెలుసు. తెలిసీ, తన చేత్తోనే, ఆ రెండో బెజ్జాన్ని లక్క పోసి పూడ్చింది. పైగా ముద్ర బాగా పడిందని మురిసిపోయింది!

"సర్! మూత మీద సీలు తీయాలి. ఇప్పుడే!"

"త్రిసభ్య కమిటీ ఉండాలి," అన్నారు చక్రధరరావు గారు. ఆయన పెదాలు వణుకుతున్నా వాక్యం మాత్రం వణకలేదు.

"మనం నలుగురం ఉన్నాం కదండీ!"

"ఒకరు స్టోర్సు విభాగం ప్రతినిధి అయి ఉండాలి. కాశులు నాలుగో తరగతి ఉద్యోగి కనక గణనలోకి రాడు. కార్యదర్శి గారు పరిశీలకులు కనక నిర్ణయంలో పాల్గొనరాదు. అంటే సాంకేతికంగా ఇక్కడ ఉన్నది మనిద్దరమే."

బోటు ఒక సుడికి తగిలి గిర్రున తిరిగింది. నీళ్లు ఎగిసి ముగ్గురి మీదా, గణనలోకి రాని కాశులు మీదా సమానంగా పడ్డాయి. మార్కండేయులు గారు గొడుగు విప్పబోయి, విప్పి ప్రయోజనం లేదని గ్రహించి, దాంతో ఆయిలు డబ్బాని చూపించారు.

"అమ్మా, ముందు మీరు తీసేయండి. కమిటీని తరవాత, బతికుంటే వేద్దాం."

ఆ మాట పూర్తయ్యేలోపే హైమావతి పమిట పిన్నీసు లాగింది. ఒక చేత్తో పమిట జారకుండా పట్టుకుని, రెండో చేత్తో తన ముద్ర మీదే తాను పోట్లు పొడిచింది. లక్క పెళ్లలుగా ఊడింది. అడుగున సూదిమొన పట్టేంత బెజ్జం. అందులోకి పిన్నీసు దిగగానే డబ్బా బుస్సుమని గాలి పీల్చుకుంది. పక్కలు టప్పుమని బయటికొచ్చాయి. నీళ్లలోంచి పైకి తేలిన మనిషి ఊపిరి తీసినట్టు ఉంది ఆ చప్పుడు. హైమావతి కూడా అప్పుడే ఊపిరి తీసింది.

"గొట్టం చూడు కాశులూ!"

కాశులు గొట్టం చివర విప్పి, బుడగలు పోయేదాకా ఆయిలు వదిలాడు. అతని వేళ్ల మీదుగా ప్రభుత్వ ఆయిలు ధారగా బోటులోకి కారింది. చక్రధరరావు గారు కళ్లు మూసుకున్నారు. కాశులు గొట్టం బిగించి తాడు లాగాడు. మోటారు దగ్గింది. మళ్లీ లాగాడు. తెల్లటి పొగ ఊది, బొంగురుగా గొణిగింది. స్తంభానికి పట్టిన నాచు కంటికి స్పష్టంగా కనపడుతోంది. మూడోసారి లాగేసరికి మోటారు గర్జించింది. కాశులు చుక్కాని మొత్తం తిప్పేశాడు. బోటు స్తంభాన్ని ఒరుసుకుంటూ, రంగు కొంత దానికి అంటించి, ఎదురుకి తిరిగింది.

"చూశారాండీ," అన్నాడు కాశులు, పళ్లన్నీ కనపడేలా. "ఆ బెజ్జం అందానిక్కాదని నేను మొదట్నుంచీ అంటానే ఉన్నాను."

లంకలో జనం మంచాల మీద, గడ్డిమేటు మీద ఎదురుచూస్తున్నారు. ఆ రోజంతా బోటు తిరుగుతూనే ఉంది. ముందు పిల్లలు, తరవాత ముసలివాళ్లు, ఆపైన మిగతావాళ్లు. మార్కండేయులు గారు ఒడ్డుకి వెళ్లిపోమన్నా వెళ్లలేదు. పంచెలూ మూటలూ అందుకుంటూ, ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని బోటులోనే ఉండిపోయారు. గేదెలు లేనిదే కదలనన్న సూరీడమ్మని ఒప్పించింది కూడా ఆయనే.

"గేదెలు ఈదుతాయి కదమ్మా. నువ్వు ఈదలేవు," అన్నారు.

"తవరు ఈదగలరేటండీ?" అంది సూరీడమ్మ.

"అదే తెలుసుకోకుండా ఉండాలని పొద్దున్నుంచీ దేవుడికి మొక్కుకుంటున్నాను."

ఆవిడ నవ్వి బోటెక్కింది. గేదెలు తలలు పైకెత్తి వెనకాలే ఈదుకుంటూ వచ్చాయి. చీకటి పడకముందే లంక ఖాళీ అయింది. ఒక్క ప్రాణం పోలేదు. ఆయిలు డబ్బా మాత్రం సగానికి దిగింది.

వరద తీసిన తరవాత హైమావతికి మెమో వచ్చింది. ప్రభుత్వ ముద్రను ధ్వంసం చేయడం అందులో చిన్న నేరం. పెద్ద నేరం చదివి ఆమె రెండోసారి కళ్లద్దాలు తుడుచుకుంది: 'తాము ఎట్టి అనుమతియు లేకుండా ప్రభుత్వ డబ్బాలోనికి బయటి గాలిని ప్రవేశపెట్టి యున్నారు. తత్ఫలితముగా సున్నాగా ఉన్న ఆయిలు వినియోగము విపరీతముగా పెరిగి, కార్యాలయ ప్రతిష్ఠకు భంగము వాటిల్లినది. సంజాయిషీ ఇవ్వవలెను.'

మొదట భయమేసింది. రావలసిన ప్రమోషను ఉంది, ఇద్దరు పిల్లల చదువులున్నాయి. రెండు రోజులు అన్నం సయించలేదు. మూడోరోజు ఆ మెమోని మళ్లీ చదివితే నవ్వొచ్చింది. ఈసారి పమిట చెంగు అడ్డం పెట్టుకోలేదు. సంజాయిషీ ఒక్క వాక్యంలో రాసి పంపింది: 'సదరు గాలిని ప్రవేశపెట్టనిచో, బోటులో యున్న అధికారుల లోపలి గాలి బయటికి పోయి యుండెడిది.'

విచారణ రాజధానిలో మార్కండేయులు గారి ముందుకే వచ్చింది. సాక్షీ ఆయనే, న్యాయనిర్ణేతా ఆయనే కావడం నిబంధనలకి విరుద్ధమని చక్రధరరావు గారు ఎత్తిచూపారు.

"మీరు చెప్పింది నిజమే," అన్నారు మార్కండేయులు గారు. "కాని సున్నా వినియోగం ఎలా ఉంటుందో అంత దగ్గర్నుంచి చూసినవాళ్లు ఈ శాఖలో ఇంకెవరూ లేరు. అందుకని నేనే కూర్చుంటాను."

మెమో కొట్టేశారు. చక్రధరరావు గారిని శిక్షించడానికి మాత్రం ఏ నిబంధనా దొరకలేదు. ఆయన ఏదీ ఉల్లంఘించలేదు మరి. అందుచేత ప్రమోషనిచ్చి ఒక పెద్ద పట్టణానికి మంచినీటి సరఫరా అధికారిగా పంపారు. అక్కడిప్పుడు పైపుల్లోంచి ఒక్క చుక్క కూడా వృథా కావడం లేదని, జనం బిందెలతో ఆయన ఇంటిముందు కూర్చుంటున్నారని చెప్పుకుంటారు.

ఆ తరవాత రాష్ట్రంలోని రేవులన్నిటికీ ఒక ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట ప్రతి ఆయిలు డబ్బా మూతకీ ఒక 'అధీకృత వాయు ప్రవేశ ద్వారము' ఉండవలెననీ, ప్రయాణానికి ముందు అది తెరిచి యున్నదని సరంగు ధ్రువీకరించవలెననీ దాని సారాంశం. అంత పొడుగు పేరు ఏ సరంగుకి నోరు తిరుగుతుంది? కాశులు చెప్పిన కథ అప్పటికే రేవు రేవుకీ పాకింది. కథతోబాటు పేరు కూడా పాకింది.

ఒకరోజు హైమావతి పక్కజిల్లా రేవులో కొత్త బోటు తనిఖీకి వెళ్లింది. ఆమె ఎవరో అక్కడ ఎవరికీ తెలియదు. లాంచీ మీదున్న సరంగు ఒడ్డున ఉన్నవాణ్ని కేకేశాడు.

"ఒరేయ్, బయల్దేరతన్నాం! హైమమ్మగారి బెజ్జం తెరిచుందో లేదో చూసేవా?"

"తెరిచేఉంది బాబాయ్!"

హైమావతికి ముందు చెవులు ఎర్రబడ్డాయి. ఎవరి పేరైనా బడికి పెడతారు, రోడ్డుకి పెడతారు. తన పేరు తీసుకెళ్లి బెజ్జానికి పెట్టారు! ఇంటికెళ్లి ఈ సంగతి చెబితే అత్తగారు ఏడాదిపాటు తలుచుకుని నవ్వుతుంది. కోప్పడదామని ఆమె రెండడుగులు ముందుకి వేసింది.

లాంచీ నిండా జనం ఉన్నారు. బడిపిల్లలు, చేపల తట్టలు, ఒక పెళ్లికూతురు. మోటారు చక్కగా గుర్రుమంటూ, ఆయిలు తాగుతూ, పొగ వదులుతూ గోదావరికి అడ్డంపడి పోతోంది.

ఆమె కోప్పడలేదు. లాంచీ అవతలి ఒడ్డు చేరేదాకా చూసి, తరవాత తనిఖీకి వచ్చిన బోటెక్కి, ముందు డబ్బా మూత మీదికి వంగింది.